సేవ్ చేసిన గ్రాఫ్ తెల్లగా వస్తోందా? యాక్సిస్ మీద అంకెలు వరుస తప్పాయా? మాట్‌ప్లాట్‌లిబ్ చిక్కులకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సెన్సర్ రాసిన సీఎస్‌వీ ఫైల్‌ని (కామాలతో విడదీసిన పట్టిక) పైథాన్‌లో డేటా పట్టికల లైబ్రరీ అయిన పాండాస్‌తో చదివి, గ్రాఫుల లైబ్రరీ అయిన మాట్‌ప్లాట్‌లిబ్‌లో గీస్తున్నారు. స్క్రీన్ మీద గ్రాఫ్ కనబడుతోంది కానీ సేవ్ చేసిన పీఎన్‌జీ ఫైల్ తెల్లగా ఉంది. నిలువు యాక్సిస్ మీద అంకెలు వరుసలో లేవు. కింద తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లటి పట్టీలా అయిపోయాయి. అదే స్క్రిప్ట్ సర్వర్‌లో నడిపితే విండో రావడం లేదు. తెలుగులో పెట్టిన లేబుల్స్ డబ్బాలుగా వస్తున్నాయి. లైబ్రరీని రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఏమీ మారలేదు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ ఇన్‌స్టాలేషన్ బాగానే ఉంది, దాన్ని ఇక కదపకండి. గ్రాఫ్‌ని ఫైల్‌గా రాసే ‘సేవ్‌ఫిగ్’ని, తెర మీద చూపించే ‘షో’ కంటే ముందు పిలవండి. గీసే ముందు ప్రతి కాలమ్ డీటైప్ (అందులోని డేటా రకం) చూడండి, ‘ఆబ్జెక్ట్’ అని గానీ ‘ఎస్‌టీఆర్’ (స్ట్రింగ్, అంటే అక్షరాలు) అని గానీ వస్తే ముందు దాన్ని అంకెలుగానో తేదీలుగానో మార్చండి. సర్వర్ స్క్రిప్ట్‌లో ‘షో’ తీసేసి నేరుగా ఫైల్‌లోకే సేవ్ చేయండి. ఈ మూడింటితో మీ చిక్కుల్లో చాలావరకు పోతాయి. తెలుగు అక్షరాల సంగతి వేరు, దాన్ని చివర్లో విడిగా చెప్తాను.

ఎందుకు ఇలా అవుతుందో కూడా తెలుసుకుంటే ఇంకో పది సమస్యలు మీరే పట్టుకోగలరు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. నేను ఏళ్ల తరబడి సెన్సర్ డేటాకే గ్రాఫులు గీస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన ‘మాట్‌ప్లాట్‌లిబ్ పనిచేయడం లేదు’ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచే పుట్టాయి. ఒకటి, ఇప్పుడు ఏ ఫిగర్ (గ్రాఫ్ గీసే కాగితం లాంటిది) మీద పని జరుగుతోందో మనకు స్పష్టంగా తెలియకపోవడం. రెండోది, డేటా మనం అనుకున్న రకంలో లేకపోవడం.

తెల్ల ఫైల్ ఎందుకొస్తుంది

మాట్‌ప్లాట్‌లిబ్ మొదటిసారి 2003లో విడుదలైంది. దాన్ని మొదలుపెట్టిన జాన్ హంటర్ న్యూరోబయాలజీ పరిశోధకుడు, మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌కి అలవాటుపడినవారు. ఆ పద్ధతే మాట్‌ప్లాట్‌లిబ్‌లో మనం ఆదేశాలిచ్చే ‘పైప్లాట్’ అనే భాగంలోకి వచ్చింది: మీరు ఫిగర్ పేరు చెప్పకుండా ‘ప్లాట్’ అంటే, ‘టైటిల్’ అంటే, అది తన లెక్కలో ఇప్పుడు ఏ ఫిగర్ నడుస్తోందో దాని మీద ఆ పని చేస్తుంది. అలాంటి ఫిగర్ ఏదీ లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, కొత్తది ఒకటి తెరుస్తుంది. మీ తెల్ల ఫైల్ పుట్టింది ఇక్కడే.

మీ స్క్రిప్ట్‌లో ‘షో’ రాగానే విండో తెరుచుకుంటుంది, మీరు మూసేదాకా కింది లైను నడవదు. మూసిన క్షణంలో ఆ ఫిగర్ పైప్లాట్ జాబితాలోంచి పోతుంది. తర్వాతి లైనులో ‘సేవ్‌ఫిగ్’ ఉంది. నడుస్తున్న ఫిగర్ లేదు కాబట్టి అది ఖాళీ ఫిగర్ ఒకటి తయారుచేసి దాన్ని శ్రద్ధగా సేవ్ చేస్తుంది. మీ ఫైల్ ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. సెట్టింగ్స్ ఏమీ మార్చకపోతే 640 బై 480 పిక్సెల్స్ ఉంటుంది. 6.4 బై 4.8 అంగుళాలు, 100 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అనే డిఫాల్ట్‌తో పుట్టిన కొత్త ఫిగర్ అది. మీరు గీసిన ఫిగర్‌కి సైజు విడిగా ఇచ్చి ఉంటే ఈ తేడా చూసి వెంటనే పోల్చుకోవచ్చు.

కోడ్‌ని సెల్ అనే ముక్కలుగా నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. అక్కడి ఇన్‌లైన్ బ్యాకెండ్ (బొమ్మ గీసే భాగం) ప్రతి సెల్ చివర బొమ్మ చూపించి ఆ ఫిగర్‌ని మూసేస్తుంది. గ్రాఫ్ ఒక సెల్‌లో గీసి, ‘సేవ్‌ఫిగ్’ని కింది సెల్‌లో పిలిచారంటే మళ్లీ తెల్ల కాగితమే.

నేను ఒకప్పుడు వారం వారం వెళ్లే రిపోర్ట్ స్క్రిప్ట్ రాశాను. బొమ్మలు ఎలా ఉన్నాయో చూసుకుందామని మధ్యలో ఒక ‘షో’ పెట్టి, తీయడం మర్చిపోయాను. నా మెషీన్‌లో ఒక్కో విండో మూస్తూ పోయాను, ఫైల్స్ అన్నీ తయారయ్యాయి, ఎక్కడా ఎర్రర్ లేదు. రిపోర్ట్ అందుకున్నవాళ్లు అన్ని పేజీలూ ఖాళీగా ఉన్నాయని చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి పైప్లాట్‌తో నాకున్న పని ఒక్కటే, ఫిగర్ తెరవడం. ‘ఫిగ్, యాక్స్’ అని రెండు పేర్లు పెట్టుకుని, ఫిగర్ తెరిచే ‘సబ్‌ప్లాట్స్’ తిరిగిచ్చిన ఫిగర్‌ని, గీసే చోటుని వాటిలో ఉంచుకుంటాను. గీత గీసేది ‘యాక్స్’తో, సేవ్ చేసేది ‘ఫిగ్’తో. అప్పుడు ‘షో’ ముందున్నా వెనకున్నా, సెల్ మారినా, నేను సేవ్ చేసేది నేను గీసిన ఫిగర్‌నే. మీరూ ఈ అలవాటు చేసుకోండి. ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

లూప్‌లో వందల గ్రాఫులు గీస్తే స్క్రిప్ట్ మందగించడం, పాత గీతలు కొత్త గ్రాఫులోకి రావడం, లెజెండ్‌లో (ఏ గీత దేనిదో చెప్పే పెట్టె) ఒకే పేరు నాలుగుసార్లు పడటం కూడా ఈ కోవలోవే. పైప్లాట్‌తో తెరిచిన ఫిగర్‌ని మీరు మూసేదాకా అది మెమరీలో పట్టుకునే ఉంటుంది. 20 దాటితే వార్నింగ్ ఇస్తుంది. ఆ వార్నింగ్‌ని ఆపేసే సెట్టింగ్ వెతక్కండి. సేవ్ చేసిన వెంటనే ‘క్లోజ్’కి ఆ ఫిగర్ పేరు ఇచ్చి మూసేయండి.

అంకెలు వరుస తప్పడం

ఇది తెల్ల ఫైల్ కంటే ప్రమాదం. తెల్ల ఫైల్ చూడగానే తప్పని తెలుస్తుంది. ఇక్కడ గ్రాఫ్ చక్కగా వస్తుంది, చెప్పేది మాత్రం అబద్ధం.

నా చేతికి వచ్చిన ఒక కేసు చెప్తాను. ఉష్ణోగ్రత రీడింగులు, పది సెకన్లకు ఒకటి, రోజుకు 8,640 వరుసలు. గ్రాఫ్ ఎడమ కింది మూల నుంచి మొదలై కుడివైపు పైకి ఎక్కుతూ ఉంది. చూసినవాళ్లంతా పరికరం వేడెక్కిపోతోందని టెన్షన్ పడ్డారు. నేను యాక్సిస్‌ని దగ్గరగా పెద్దది చేసి చూస్తే కింది నుంచి పైకి 24.1, 24.3, 24.0, 23.9, 24.2 అని ఉన్నాయి. అంకెలైతే ఆ వరుసలో ఉండవు కదా. ఫైల్‌లో వెతికితే ఒకే ఒక్క వరుసలో రీడింగ్ బదులు ‘ఎర్రర్’ అనే మాట ఉంది. ఆ ఒక్క మాట వల్ల పాండాస్ కాలమ్ మొత్తాన్ని అంకెలుగా తీసుకోకుండా అక్షరాలుగానే ఉంచేసింది.

అక్షరాలు ఇస్తే మాట్‌ప్లాట్‌లిబ్ ఆగిపోదు. వాటిని కేటగిరీలుగా చూస్తుంది. మొదట కనబడిన విలువకు 0వ స్థానం, తర్వాత వచ్చిన కొత్త విలువకు 1, ఆపైన 2, ఇలా ఫైల్‌లో ఎదురైన వరుసలో కేటాయిస్తూ పోతుంది. కొత్త విలువ ఎదురైనప్పుడల్లా గీత ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. ఆ పరికరం చల్లగానే ఉంది. గ్రాఫ్ పైకెక్కడానికి కారణం కొత్త కొత్త అంకెలు ఎదురుపడటమే.

మీ గ్రాఫ్‌లోనూ ఇదే జరిగిందని నా అంచనా. డేటాఫ్రేమ్ (పాండాస్ చదివిన పట్టిక) ‘డీటైప్స్’ ప్రింట్ చేయండి. ఆ కాలమ్ ‘ఫ్లోట్64’ గానీ ‘ఇంట్64’ గానీ కాకుండా ‘ఆబ్జెక్ట్’ లేదా ‘ఎస్‌టీఆర్’ అని వస్తే దొరికినట్టే. పాండాస్‌లో ‘టు న్యూమరిక్’ అనే ఫంక్షన్ ఉంది. దానికి ‘ఎర్రర్స్’ ఆర్గ్యుమెంట్‌లో ‘కోయర్స్’ అని ఇస్తే మార్చలేనివాటిని ‘నాన్’ (విలువ లేదనే గుర్తు) చేసి మిగతావి అంకెలు చేస్తుంది. అయితే ‘కోయర్స్’ వాడిన వెంటనే ఎన్ని ‘నాన్’లు పుట్టాయో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే సరే. సగం కాలమ్ ‘నాన్’ అయిందంటే ఫైల్ చదవడంలోనే తప్పుంది. వేలకు కామా పెట్టి ‘1,250’ అని రాసిన ఫైల్స్‌లో ఇలా అవుతుంది. అప్పుడు చదివేటప్పుడే ‘థౌజండ్స్’ ఆర్గ్యుమెంట్‌కి కామా ఇవ్వండి.

‘నాన్’తో ఇంకో చిక్కు ఉంది. గీత గీయాలంటే పక్కపక్కనే రెండు విలువలు కావాలి. ‘నాన్’ ఉన్నచోట గీత తెగుతుంది. ఒక విలువ, ఒక ‘నాన్’, ఒక విలువ, ఒక ‘నాన్’ ఇలా వస్తే ఒక్క గీతా పడదు. యాక్సిస్ మీద అంకెలు సరిగ్గా ఉంటాయి, మధ్యలో గ్రాఫ్ ఖాళీ. వేర్వేరు వేళల్లో రీడింగ్ తీసే రెండు సెన్సర్ల డేటాని ఒకే టేబుల్‌లో కలిపితే సరిగ్గా ఇదే అవుతుంది. అనుమానం వస్తే ‘మార్కర్’కి ‘ఓ’ ఇచ్చి గీయండి. చుక్కలు కనబడితే డేటా ఉన్నట్టే. కలిపే గీత కూడా కావాలంటే ఆ కాలమ్‌లో ‘నాన్’లను ‘డ్రాప్‌నా’తో తీసేసి గీయండి.

తేదీల పట్టీకి కారణం కూడా ఇదే. మీ తేదీలు ఇంకా అక్షరాలే. ఒక్కో తేదీ ఒక్కో కేటగిరీ కాబట్టి ప్రతిదానికీ ఒక లేబుల్ పడుతోంది. ‘టు డేట్‌టైమ్’తో నిజమైన తేదీలుగా మార్చగానే ఎన్ని లేబుల్స్ పడితే బాగుంటుందో మాట్‌ప్లాట్‌లిబ్ తానే చూసుకుంటుంది. ఇక్కడ బద్ధకించకుండా ‘ఫార్మాట్’ ఆర్గ్యుమెంట్ ఇవ్వండి. 03-04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది మీరు చెప్పకపోతే పాండాస్ మామూలుగా నెలే ముందు అనుకుంటుంది. పన్నెండు లోపు తేదీలే ఉన్న ఫైల్ అయితే తప్పు జరిగిందని కూడా తెలియదు.

లేబుల్స్‌ని చేత్తో మార్చేవాళ్లకి ఒక హెచ్చరిక. యాక్సిస్ మీద గుర్తులు (టిక్స్) ఎక్కడెక్కడ ఉండాలో చెప్పకుండా ‘సెట్ ఎక్స్‌టిక్‌లేబుల్స్’తో పేర్లు మాత్రమే ఇస్తే, ఆ పేర్లు అప్పటికి ఉన్న గుర్తులకు వరుసగా అతుక్కుంటాయి. జూమ్ చేసినా, డేటా మారినా పేర్లు కదలవు, అంకెలు కదులుతాయి. ‘ఫిక్స్‌డ్ లొకేటర్’ అంటూ వచ్చే వార్నింగ్ చెప్పేది ఇదే. 3.5 వెర్షన్ నుంచి ‘సెట్ ఎక్స్‌టిక్స్’కే స్థానాలు, లేబుల్స్ రెండూ కలిపి ఇవ్వొచ్చు. అలాగే ఇవ్వండి.

విలువలన్నీ 1,00,001 నుంచి 1,00,006 మధ్య ఉంటే యాక్సిస్ మీద 1, 2, 3 అని వచ్చి, మూలన చిన్నగా ప్లస్ గుర్తుతో ఒక సంఖ్య కనబడుతుంది. అది ఎర్రర్ కాదు, ఆ సంఖ్యని అన్నిటికీ కలుపుకోమని అర్థం. వద్దనుకుంటే ‘టిక్‌లేబుల్ ఫార్మాట్’లో ‘యూజ్ ఆఫ్‌సెట్’కి ‘ఫాల్స్’ ఇవ్వండి.

సర్వర్‌లో విండో రాకపోవడం

సర్వర్‌కి తెర లేదు, అందుకని విండో రాదు. మాట్‌ప్లాట్‌లిబ్‌లో గీసే పనిని బ్యాకెండ్ అనే భాగం చేస్తుంది. టీకే, క్యూటీ లాంటివి విండో తెరుస్తాయి. ‘యాగ్’ అనేది, అంటే ఏ, జీ, జీ అనే మూడక్షరాల పేరున్నది, విండో లేకుండా బొమ్మ ఫైల్ మాత్రమే తయారుచేస్తుంది. లినక్స్‌లో తెర లేదని గమనిస్తే మాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తానే యాగ్‌కి మారుతుంది. అప్పుడు ‘షో’ పిలిస్తే ఈ బ్యాకెండ్‌తో చూపించలేనని వార్నింగ్ వస్తుంది. మీ సర్వర్‌లో వస్తున్నది అదే అయి ఉండాలి. ‘షో’ తీసేసి ‘సేవ్‌ఫిగ్’ ఉంచితే చాలు.

వార్నింగ్ బదులు ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చి, అందులో ‘హెడ్‌లెస్’ అనే మాట ఉందంటే మీ స్క్రిప్ట్‌లో గానీ కాన్ఫిగ్ ఫైల్‌లో గానీ ఎవరో టీకే లాంటి విండో బ్యాకెండ్‌ని బలవంతంగా పెట్టారు. ఆ లైను తీసేయండి. వ్యక్తిగత మెషీన్‌లోనే విండో రాకపోతే కథ తిరగబడుతుంది: ‘గెట్ బ్యాకెండ్’ ప్రింట్ చేస్తే యాగ్ అని వస్తుంది. లినక్స్‌లో చాలాసార్లు టీకే విండోలకు కావాల్సిన టీకింటర్ విడి ప్యాకేజీగా ఉంటుంది, అది లేక యాగ్‌కి పడిపోయి ఉంటుంది. దాన్ని గానీ, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో, క్యూటీ విండోలకు పనికొచ్చే పైక్యూటీని గానీ ఇన్‌స్టాల్ చేయండి.

వెబ్ యాప్‌లో గ్రాఫులు తయారుచేసేవాళ్లు పైప్లాట్‌ని పూర్తిగా వదిలేసి ‘ఫిగర్’ క్లాస్‌ని నేరుగా వాడండి. ఒకేసారి ఇద్దరు యూజర్లు వస్తే, నడుస్తున్న ఫిగర్ అనే ఒకే లెక్క ఇద్దరి మధ్యా కలగాపులగమవుతుంది. ఒకరి గీత ఇంకొకరి గ్రాఫులో పడటం నేను కళ్లారా చూశాను.

అంచులు తెగడం, అక్షరాలు చిన్నవైపోవడం

‘సబ్‌ప్లాట్స్’ పిలిచేటప్పుడే ‘లేఅవుట్’కి ‘కన్‌స్ట్రెయిన్డ్’ ఇవ్వండి, లేబుల్స్ తెగవు. ‘సేవ్‌ఫిగ్’లో ‘బీబాక్స్ ఇంచెస్’కి ‘టైట్’ ఇచ్చినా పని జరుగుతుంది. కానీ అది బొమ్మ సైజునే మార్చేస్తుంది. ఫ్రేములు కలిపి వీడియో చేసేవాళ్లకి ఒక్కో ఫ్రేము ఒక్కో సైజులో వచ్చి పని చెడుతుంది.

అక్షరాల సైజుకి డీపీఐ పెంచడం మందు కాదు. ఫిగర్ సైజు అంగుళాల్లో, అక్షరం పాయింట్లలో ఉంటుంది, అంగుళానికి 72 పాయింట్లు. 14 అంగుళాల ఫిగర్ చేసి, డాక్యుమెంట్‌లో 3.5 అంగుళాలకు కుదిస్తే 10 పాయింట్ల అక్షరం రెండున్నర పాయింట్లు అవుతుంది. డీపీఐ ఎంత పెంచినా ఆ నిష్పత్తి మారదు. డాక్యుమెంట్‌లో ఎంత వెడల్పు దొరుకుతుందో ఫిగర్ వెడల్పు కూడా అంతే ఇవ్వండి.

తెలుగు లేబుల్స్

ఇక్కడ రెండు సమస్యలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. డబ్బాలు రావడానికి కారణం ఫాంట్. డిఫాల్ట్‌గా వాడే డెజావూ సాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. మెషీన్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టుకుని ‘ఫాంట్ ఫ్యామిలీ’లో దాని పేరు ఇవ్వండి. 3.6 వెర్షన్ నుంచి వరుసగా రెండు మూడు పేర్లు ఇవ్వొచ్చు, మొదటి ఫాంట్‌లో లేని అక్షరాన్ని తర్వాతిదాంట్లో వెతుక్కుంటుంది.

డబ్బాలు పోయాక రెండోది బయటపడుతుంది. ‘ఉష్ణోగ్రత’ అని రాస్తే ‘ష’ కింద చేరాల్సిన ‘ణ’ వత్తు పక్కకు వచ్చి పూర్తి అక్షరంగా నిలబడుతుంది, మధ్యలో పొల్లు విడిగా కనబడుతుంది. ‘గ్ర’లోని రవత్తుదీ అదే గతి. ఫాంట్ మార్చి ప్రయోజనం లేదు. అక్షరాలను కలిపి గుణింతాలుగా, వత్తులుగా తీర్చే పనిని షేపింగ్ అంటారు, 3.10 వెర్షన్ దాకా మాట్‌ప్లాట్‌లిబ్ ఆ పని చేయదు. మన భాషలో గ్రాఫ్ గీద్దామనుకున్నప్పుడు ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగి ఇంగ్లీషు లేబుల్స్‌కి వెళ్లిపోతారు. వెళ్లక్కర్లేదు, దారి ఉంది.

నేను వాడేది ఎస్‌వీజీ దారి, అంటే బొమ్మని పిక్సెల్స్‌గా కాకుండా గీతలు, అక్షరాల వివరణగా ఉంచే ఫైల్ రకం. సెట్టింగ్స్‌లో ‘ఎస్‌వీజీ ఫాంట్‌టైప్’ అనేది మామూలుగా ‘పాత్’ అని ఉంటుంది, అంటే అక్షరాలను గీతలుగా మార్చి సేవ్ చేస్తుంది. దాన్ని ‘నన్’ అని మార్చి ఎస్‌వీజీగా సేవ్ చేయండి. అప్పుడు ఫైల్‌లోకి అక్షరాలు అక్షరాలుగానే వెళ్తాయి, బ్రౌజర్‌లో తెరిచినప్పుడు షేపింగ్ అంతా బ్రౌజర్ చేస్తుంది, వత్తులు చక్కగా కూర్చుంటాయి. ‘నన్’ని ఇక్కడ కొటేషన్లలో చిన్నక్షరాలతో రాయాలి, పైథాన్‌లోని విలువ కాదు. అక్షరాల వెడల్పుని మాట్‌ప్లాట్‌లిబ్ విడివిడి అక్షరాలుగా లెక్కేసుకుంటుంది కాబట్టి లేబుల్ చుట్టూ కాస్త ఎక్కువ జాగా వదలండి. చూసేవాళ్ల మెషీన్‌లోనూ తెలుగు ఫాంట్ ఉండాలి. పీఎన్‌జీయే కావాలంటే ఆ ఎస్‌వీజీని బ్రౌజర్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో తెరిచి మార్చుకోండి. ఎంపీఎల్‌కైరో అనే వేరే బ్యాకెండ్ కూడా రాక్మ్ లైబ్రరీ తోడుంటే షేపింగ్ చేస్తుంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం గురించి ఒక మాట. అది నిజంగా పనికొచ్చే సందర్భాలు తక్కువ. ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతే ముందు మీ ఫోల్డర్‌లో మాట్‌ప్లాట్‌లిబ్ అనే పేరుతోనే పైథాన్ ఫైల్ ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే పైథాన్ అసలు లైబ్రరీని వదిలి మీ ఫైల్‌నే తెస్తుంది. తర్వాత ‘సిస్’ మాడ్యూల్‌లోని ‘ఎగ్జిక్యూటబుల్’ ప్రింట్ చేసి, పిప్ ఇన్‌స్టాల్ చేసిన పైథాన్, స్క్రిప్ట్ నడుపుతున్న పైథాన్ ఒకటేనా చూడండి. మాట్‌ప్లాట్‌లిబ్ ఆధారపడే అంకెల లైబ్రరీ నమ్‌పై 1 కాలంలో బిల్డ్ చేసిన పాత మాట్‌ప్లాట్‌లిబ్‌ని 2024లో వచ్చిన నమ్‌పై 2తో కలిపితే కూడా ఇంపోర్ట్‌లోనే పడిపోతుంది. అప్పుడు మాత్రం రెండింటినీ కలిపి అప్‌గ్రేడ్ చేయాల్సిందే.

ఇవన్నీ చేశాక కూడా నిలువు యాక్సిస్ సరికాకపోతే మూడు విషయాలు ఇక్కడ పెట్టండి: మాట్‌ప్లాట్‌లిబ్ వెర్షన్, ‘గెట్ బ్యాకెండ్’ ఇచ్చిన పేరు, డేటాఫ్రేమ్ ‘డీటైప్స్’. వాటితో పాటు సీఎస్‌వీలో మొదటి పది వరుసలు కూడా. వాటిని స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా పెడితే నా దగ్గర నడిపి చూసి చెప్తాను.